అల్లాయ్ చక్రాలకు అంచు దెబ్బలు: మరమ్మతు

కారును రోడ్డు పక్కన ఆపేటప్పుడో, ఇరుకు సందులో తిప్పేటప్పుడో కాలిబాట రాయికి గానీ, డివైడరుకు గానీ ఒరుసుకుని అల్లాయ్ (మిశ్రలోహపు) చక్రం బయటి అంచుకు తగిలే దెబ్బను అంచు దెబ్బ అంటారు. టైరు షాపుల వాడుకలో ఇది ‘రిమ్ముకు గీతలు పడటం’. దెబ్బ తిన్న అంచును శుభ్రం చేసి, నునుపు పట్టి, అవసరమైతే పూడ్చి, రక్షక పూతను తిరిగి వేయడం దీని మరమ్మతు. పొడి వాతావరణంలో ఇది చాలావరకు అందానికి సంబంధించిన పని. నెల్లూరు జిల్లా వంటి సముద్ర తీరంలో మాత్రం తుప్పు నివారణ కూడా ఇందులో భాగమవుతుంది.

పరిధి

మరమ్మతును రెండు తరగతులుగా విభజిస్తారు. గీతలు, పైపైన లేచిన గరుకు, పోయిన రంగు సరిచేయడం పైపూత మరమ్మతు. వంపు తీయడం, పగులు అతకడం, ఊడిపోయిన లోహాన్ని తిరిగి పోయడం నిర్మాణ మరమ్మతు. మొదటిది సరిగ్గా చేస్తే చక్రం బలాన్ని మార్చదు. రెండోది మారుస్తుంది. కాబట్టి చక్రం చేతికి రాగానే అది ఏ తరగతి కిందికి వస్తుందో తేల్చుకోవడం పనిలో మొదటి అడుగు.

చరిత్ర

పోత అల్యూమినియం చక్రాలకు పేరు తెచ్చిన తొలి కార్లలో బుగాటీ టైప్ 35 ముఖ్యమైనది. 1924లో ఫ్రాన్స్‌లోని లియాన్ గ్రాండ్ ప్రీ పందెంలో అది అల్యూమినియం చక్రాలతో పాల్గొంది. 1966లో పోర్షే సంస్థ 911 ఎస్ కారుకు ఫుక్స్ సంస్థ తయారు చేసిన ఫోర్జింగ్ అల్లాయ్ చక్రాలను అమర్చింది. పందెపు కార్లకు మెగ్నీషియం చక్రాలు కూడా వాడారు. అవి అల్యూమినియం కన్నా తేలికైనవి, కానీ త్వరగా తుప్పు పడతాయి.

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ప్రధానంగా ఉక్కు రేకు చక్రాల మీదే తిరిగాయి. అల్లాయ్ చక్రం మొదట విడిగా కొని బిగించుకునే అలంకరణగా వచ్చింది. తర్వాత కార్ల ఖరీదైన రకాల్లో కంపెనీయే బిగించి ఇచ్చే భాగమైంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం ప్రత్యేక ఆర్థిక మండలిలోని సినర్జీస్ కాస్టింగ్స్ సంస్థ అల్లాయ్ చక్రాలు పోతపోసే కర్మాగారాన్ని నెలకొల్పింది.

ఉక్కు చక్రాల కాలంలో వంగిన రిమ్మును సుత్తితో కొట్టి సరిచేయడం టైరు షాపుల్లో మామూలు పని. సాగే గుణమున్న ఉక్కు రేకు దాన్ని తట్టుకునేది. పోత అల్యూమినియానికి అంత సాగుడు లేదు. కాబట్టి ఉక్కు మీద చెల్లిన పద్ధతి అల్లాయ్ మీద పగులుకు దారి తీస్తుంది.

లోహం, నిర్మాణం

కార్ల పోత చక్రాల్లో ఎక్కువగా వాడే మిశ్రలోహం ఏ356. అల్యూమినియంలో సుమారు 7% సిలికాన్, సుమారు 0.3% మెగ్నీషియం కలిపి దీన్ని తయారు చేస్తారు. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులో చక్కగా పారుతుంది. మెగ్నీషియం వల్ల ఉష్ణ సంస్కారం తర్వాత బలం వస్తుంది. అచ్చులోకి లోహాన్ని తక్కువ పీడనంతో కింది నుంచి ఎక్కించి పోత పోస్తారు. తర్వాత చక్రాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచి, నీటిలో చల్లార్చి, మళ్ళీ 150–170 డిగ్రీల మధ్య కొన్ని గంటలు పండబెడతారు. దీనికి టీ6 సంస్కారమని పేరు. చక్రం బలం ఈ సంస్కారం మీద ఆధారపడి ఉంటుంది కనుక మరమ్మతులో చక్రానికి తగిలే ప్రతి వేడినీ లెక్కలోకి తీసుకోవాలి.

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.85 గ్రాములు. బలం కోసం అల్లాయ్ చక్రాన్ని మందంగా పోయాల్సి వస్తుంది కాబట్టి ఈ తేడా అంతా బరువు తగ్గింపుగా మారదు.

చక్రం భాగాలు ఇవి. టైరు జారిపోకుండా ఆపే నిలువు అంచు ఫ్లాంజ్. టైరు లోపలి అంచు, అంటే బీడు, గాలి పోకుండా కూర్చునే మెట్టు బీడ్ సీటు. టైరు ఎక్కించడానికి మధ్యలో ఉండే పల్లం డ్రాప్ సెంటర్. అంచును మధ్య భాగంతో కలిపేవి స్పోకులు. నట్లు బిగించే మధ్య భాగం హబ్. కాలిబాట రాయి ముందుగా తాకేది ఫ్లాంజ్‌నే. స్పోకులు ఫ్లాంజ్ కన్నా బయటికి ఉబ్బి ఉన్న నమూనాల్లో వాటికీ దెబ్బ తగులుతుంది.

పైపూత సాధారణంగా మూడు పొరలు: అడుగున ప్రైమర్, మధ్యలో రంగు, పైన పారదర్శకమైన క్లియర్ కోటు. డైమండ్ కట్ చక్రాల్లో ముందు ముఖాన్ని లేతు మీద కోసి, లోహపు మెరుపునే ఉంచి, దాని మీద నేరుగా క్లియర్ కోటు వేస్తారు. వీటికి రంగు పొర అడ్డు ఉండదు కనుక గీత పడిన చోట లోహం త్వరగా బయటపడుతుంది.

దెబ్బకు కారణాలు

రహదారి ఇంజనీరింగులో కాలిబాట రాళ్ళను ఎత్తును బట్టి మూడు రకాలుగా చెబుతారు. వాహనం ఎక్కగలిగే రకం 100 మి.మీ., పాక్షికంగా అడ్డుకునే రకం 150 మి.మీ., పూర్తిగా అడ్డుకునే రకం 200 మి.మీ. ఎత్తు ఉంటాయి. టైరు పక్క గోడ ఎత్తును టైరు మీది అంకెల నుంచే లెక్కకట్టవచ్చు. 195/65 ఆర్15 టైరుకు ఆ ఎత్తు సుమారు 127 మి.మీ., 225/45 ఆర్17 టైరుకు సుమారు 101 మి.మీ. కారు బరువుకు టైరు కింద కొంత నలుగుతుంది కాబట్టి రెండో టైరున్న కారులో 100 మి.మీ. రాయి కూడా రిమ్ము అంచుకు అందుతుంది. పెద్ద చక్రం, సన్నని టైరు ఉన్న కార్లకు అంచు దెబ్బలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. గాలి తక్కువగా ఉన్న టైరు ఇంకా నలుగుతుంది, ప్రమాదం పెరుగుతుంది.

నెల్లూరు నగరంలో ట్రంకు రోడ్డు డివైడర్లు, దుకాణాల ముందు ఎత్తు మెట్లు, ఇరుకు పార్కింగ్ స్థలాలు, మురుగు కాలువల మీది సిమెంటు పలకల అంచులు ఇటువంటి దెబ్బలకు తావిచ్చే చోట్లు. వాన నీరు నిలిచినప్పుడు రాయి అంచు కనిపించదు.

దెబ్బల రకాలు

రాపిడి గీత: ఫ్లాంజ్ చుట్టుకొలత వెంట పడే గరుకు చార. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

గాటు: అంచు నుంచి లోహం ముక్క ఊడటం లేదా లోతైన పల్లం పడటం.

వంపు: ఫ్లాంజ్ గానీ, బీడ్ సీటు గానీ గుండ్రం తప్పడం. బండి వణుకు, టైరులో గాలి నెమ్మదిగా తగ్గడం దీని గుర్తులు. కాలిబాట రాయి కన్నా గుంతల వల్ల ఇది ఎక్కువగా వస్తుంది, ఎక్కువసార్లు లోపలి అంచుకే తగులుతుంది.

పగులు: వెంట్రుకంత గీతగా మొదలై చక్రం తిరిగే కొద్దీ పెరిగేది. స్పోకు మొదట్లో, బీడ్ సీటు దగ్గర వచ్చే పగుళ్ళు ప్రమాదకరమైనవి.

పూత కింది తుప్పు: గీత పడిన చోట మొదలై క్లియర్ కోటు కింద పాకేది.

నెల్లూరు తీరపు పరిస్థితులు

కావలి వైపు నుంచి దక్షిణంగా మైపాడు, కృష్ణపట్నం మీదుగా సాగే ఈ తీరానికి సమాంతరంగా కొద్ది దూరంలో 16వ నంబరు జాతీయ రహదారి నడుస్తుంది. తీర గ్రామాల రోడ్ల మీద ఉప్పు మూడు దారుల్లో చక్రానికి చేరుతుంది: సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర, ఉప్పు మళ్ళ నుంచి, రొయ్యల చెరువుల నుంచి రోడ్డెక్కే ఉప్పునీటి తడి, చేపలూ రొయ్యలూ తీసుకెళ్ళే బండ్ల నుంచి కారే ఐసు నీళ్ళు. మైపాడు బీచిలో తడి ఇసుక మీదికి దిగిన కార్ల చక్రాల్లో ఉప్పు ఇసుక స్పోకుల వెనక, నట్ల గుంతల్లో నిలిచిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాలిలో తేమ ఎక్కువ.

అల్యూమినియం గాలి తగలగానే తన మీద పలచని ఆక్సైడు పొరను తానే కట్టుకుంటుంది. ఆ పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 నుంచి 95% మధ్య ఉన్నప్పుడు, గీత అంచు నుంచి పూత కిందికి సన్నని దారాల వంటి తుప్పు బయలుదేరుతుంది. దీన్ని తంతు తుప్పు అంటారు. క్లియర్ కోటు కింద తెల్లని గీతలు చెదలు పట్టిన గోడ మీది దారుల్లా వంకరటింకరగా పాకుతాయి. దగ్గరగా చూస్తే ప్రతి దారానికీ ముందు చివర తేమగా ఉంటుంది, వెనక భాగం తెల్లని పొడిగా ఎండిపోయి ఉంటుంది. గోరుతో గీకితే ఆ మేర క్లియర్ కోటు పొరగా ఊడి వస్తుంది. తుప్పు బీడ్ సీటు దాకా పాకితే అక్కడ తెల్లని పొడి పేరుకుని గాలి నిలవదు. టైరుకు పంక్చరు లేకున్నా గాలి తగ్గుతూ ఉండటానికి తీరంలో ఇదొక కారణం.

బ్యాలెన్సింగు కోసం ఉక్కుతో చేసిన క్లిప్పు బరువులు అల్లాయ్ అంచుకు బిగిస్తే రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి తుప్పు వేగం పెరుగుతుంది. అందుకే అల్లాయ్ చక్రాలకు అంటించే బరువులు వాడతారు.

పరీక్ష

చక్రాన్ని కారు నుంచి దించి, లోపలా బయటా కడిగాకే పరీక్షించాలి. కడగడానికి వాడే నీటికి తీరంలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. చాలా తీర గ్రామాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు పోకపోగా కొత్త ఉప్పు చేరుతుంది. చివరి కడుగు మంచినీళ్ళతోనే ఉండాలి. ఉప్పు పోకముందే సాండింగు చేస్తే రేణువులు గీతల్లోకి దిగి, కొత్త పూత కింద తుప్పుకు విత్తనాలవుతాయి.

తర్వాత చక్రాన్ని బ్యాలెన్సింగు యంత్రం మీద తిప్పి, అంచు పక్కకు గానీ, పైకీ కిందికీ గానీ ఊగుతోందేమో డయల్ గేజితో చూస్తారు. పగులు అనుమానం ఉంటే డై పెనెట్రంట్ పరీక్ష చేస్తారు. ఎర్ర రంగు ద్రవాన్ని పూసి, కొంతసేపు ఆగి తుడిచి, తెల్లని డెవలపర్ చల్లితే పగులులోకి దిగిన రంగు ఎర్ర గీతగా బయటికి వస్తుంది. ఈ పరీక్షకు పూత తొలగించి ఉండాలి. రంగు మీద చేస్తే రంగు పగులుకూ లోహపు పగులుకూ తేడా తెలియదు.

పైపూత మరమ్మతు

1. టైరు దించడం: టైరును ఉంచి పని చేస్తే అంచు లోపలి మూల శుభ్రం కాదు, తుప్పు అక్కడే మిగులుతుంది.

2. పాత పూత తొలగించడం: రసాయన ద్రావకంతో గానీ, గాజు పూసలు లేదా అల్యూమినియం ఆక్సైడు రేణువుల బ్లాస్టింగుతో గానీ తీస్తారు. ఉక్కు గుండ్లు వాడకూడదు. ఇనుప రేణువులు లోహంలో దిగబడి తర్వాత తుప్పు మరకలవుతాయి.

3. అంచు సరిచేయడం: గరుకుగా లేచిన లోహాన్ని ఆకురాయితో తీసి, 80 లేదా 120 నంబరు ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి 240, 320, 400 నంబర్ల దాకా వెళ్తారు. గీతకు అటూ ఇటూ వెడల్పుగా పట్టాలి. గీత ఉన్న చోటే రుద్దితే అంచు గుండ్రం తప్పి, రంగు వేశాక పల్లంగా కనిపిస్తుంది.

4. పూడ్చడం: నునుపుకు అందని చిన్న గాట్లలో అల్యూమినియం పొడి కలిపిన ఎపాక్సీ పుట్టీ పెడతారు. కారు బాడీకి వాడే మామూలు పుట్టీ బ్రేకుల వేడికి, రోడ్డు దెబ్బలకు ఊడుతుంది. పౌడర్ కోటింగు ఓవెన్ వేడిని తట్టుకునే పుట్టీనే ఆ పద్ధతిలో వాడాలి. పుట్టీ రూపాన్ని మాత్రమే ఇస్తుంది, బలాన్ని ఇవ్వదు.

5. శుభ్రం: ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తీస్తారు. ఆ తర్వాత చేత్తో తాకకూడదు. చెమటలోనూ ఉప్పు ఉంటుంది.

6. ప్రైమర్: అల్యూమినియానికి రంగు నేరుగా పట్టదు. ఎచ్ ప్రైమర్ గానీ, రసాయన మార్పిడి పూత వేసి ఎపాక్సీ ప్రైమర్ గానీ వాడతారు. తీర ప్రాంతంలో మరమ్మతు ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించడంలో ఈ దశది ప్రధాన పాత్ర.

7. రంగు, క్లియర్ కోటు: పలచని పొరలుగా, పొరకూ పొరకూ మధ్య ఆరే వ్యవధి ఇచ్చి వేస్తారు.

రంగు చల్లే గాలిలో తేమ ఎక్కువైతే క్లియర్ కోటు తెల్లగా మబ్బు కమ్మినట్టు మారుతుంది. పూత వేసే లోహం ఉష్ణోగ్రత మంచు బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పరిశ్రమలో పాటించే నియమం. వానాకాలంలో చక్రాన్ని ముందు వెచ్చబరిచి, కంప్రెసర్ గాలికి తేమ వడపోత పెట్టి పని చేస్తారు. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలాలి.

పౌడర్ కోటింగు

స్థిర విద్యుత్తుతో పొడి రంగును చక్రానికి అంటించి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరచడం ఈ పద్ధతి. సాధారణ పొడులు 180 నుంచి 200 డిగ్రీల మధ్య 10 నుంచి 20 నిమిషాల్లో గట్టిపడతాయి. పూత మందంగా, రాళ్ళ దెబ్బలకు ఓర్చేలా ఉంటుంది. ఈ వేడి టీ6 సంస్కారంలోని పండబెట్టే వేడిని మించుతుంది కనుక సమయం మించకుండా, ఒకే చక్రాన్ని పదే పదే ఓవెన్‌లో పెట్టకుండా చూడాలి. తక్కువ వేడికే గట్టిపడే పొడులు దొరుకుతాయి.

డైమండ్ కట్ చక్రాల మరమ్మతు

ఇవి చేతి సాండింగుకు లొంగవు. సీఎన్‌సీ లేతు మీద బిగించి, చక్రం ముఖం వంపును ప్రోబుతో కొలిచి, పలచని పొర కోస్తారు. కోసిన ప్రతిసారీ లోహం తగ్గుతుంది కాబట్టి ఒక చక్రాన్ని కొన్నిసార్లకు మించి కోయకూడదు. కోసిన వెంటనే క్లియర్ కోటు పడకపోతే తీరపు గాలికి మెరుపు మసకబారుతుంది. తీర ప్రాంత యజమానులు కొందరు పదేపదే కోయించే బదులు ముఖమంతా రంగు వేయించి మామూలు పూతకు మారుతారు. రంగు పొర అదనపు అడ్డుగా పనిచేస్తుంది.

నిర్మాణ మరమ్మతు

వంపును హైడ్రాలిక్ జాకీ ఉన్న రిమ్ము సవరణ యంత్రం మీద డయల్ గేజి చూస్తూ నెమ్మదిగా తీస్తారు. కొందరు మెకానిక్కులు గ్యాసు మంటతో వేడి చేసి వంపు తీస్తారు. ఎంత వేడెక్కిందో తెలియకుండా పెట్టే మంట టీ6 సంస్కారాన్ని ఆ చోట చెరుపుతుంది. లోహం మెత్తబడినట్టు కంటికి కనిపించదు.

ఊడిన అంచును టిగ్ వెల్డింగుతో, 4043 వంటి అల్యూమినియం–సిలికాన్ కడ్డీ వాడి పోస్తారు. వెల్డు చుట్టూ వేడి తగిలిన మేర బలం తగ్గుతుంది. మొత్తం చక్రానికి మళ్ళీ ఉష్ణ సంస్కారం చేస్తే తప్ప ఆ బలం తిరిగి రాదు, దానికి మరమ్మతు దుకాణాల్లో వసతి ఉండదు. జర్మనీలో వాహన పరీక్షా సంస్థలు అల్లాయ్ చక్రాలకు వెల్డింగును, వేడి చేసి వంపు తీయడాన్ని అంగీకరించవు. ఇతర దేశాల్లో అంచు బయటి భాగానికి పరిమితమైన వెల్డింగు జరుగుతోంది. స్పోకు, హబ్, బీడ్ సీటు పగుళ్ళకు చక్రం మార్చడమే మార్గం.

తిరిగి బిగించడం

కొత్త పూత పూర్తిగా గట్టిపడ్డాకే టైరు ఎక్కించాలి. బీడ్ సీటు మీద, హబ్ ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే గుంతల్లో మందపాటి రంగు ఉండకూడదు. ఆ రంగు నలిగితే నట్టు వదులవుతుంది. బ్యాలెన్సింగు చేసి, నట్లను నక్షత్రాకార క్రమంలో, కారు పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించాలి. 50–100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ సరిచూడాలి.

పనివారి భద్రత

అల్యూమినియం మెత్తని పొడి గాలిలో కలిస్తే నిప్పు రవ్వకు పేలుతుంది. అంటుకున్న పొడి మీద నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక లేదా లోహాల మంటలకు ఉద్దేశించిన పొడి వాడాలి. ఉక్కు రుద్దే గ్రైండరును అల్యూమినియానికి వాడకూడదు. రెండు భాగాలు కలిపే క్లియర్ కోట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం కలిగిస్తాయి. ముక్కుకు కట్టిన గుడ్డ వాటిని ఆపదు. చల్లే పనివారికి బయటి గాలి అందించే మాస్కు ఉండాలి.

ప్రమాణాలు, బీమా

వాహన చక్రాల రిమ్ములకు భారత ప్రమాణం ఐఎస్ 16192. ఇది తయారీకి వర్తిస్తుంది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. దెబ్బ తిన్న చక్రం బదులు వేరే చక్రం వేసేటప్పుడు వ్యాసం, వెడల్పు, ఆఫ్‌సెట్, నట్ల వలయం కొలత, మోయగల బరువు సరిపోవాలి.

ప్రమాదంలో చక్రానికి జరిగిన నష్టం సమగ్ర బీమాలోని సొంత నష్టం విభాగం కిందికి రావచ్చు. క్లెయిము లేని ఏడాదికి బోనసు 20% నుంచి మొదలై 50% దాకా పెరుగుతుంది, క్లెయిము చేస్తే అది పోతుంది. కాబట్టి గీతల మరమ్మతును యజమానులు సాధారణంగా సొంత ఖర్చుతోనే చేయించుకుంటారు. విడిగా కొని బిగించిన అల్లాయ్ చక్రాలను పాలసీలో ముందే చూపించాలి.

నివారణ

టైరులో నిర్ణీత గాలి ఉంచడం, అంచు రక్షణకు పక్క గోడ మీద రబ్బరు గట్టు ఉన్న టైర్లు ఎంచుకోవడం, రాయికి చక్రం సమాంతరంగా ఉండేలా నెమ్మదిగా ఆపడం దెబ్బలను తగ్గిస్తాయి. తీర ప్రాంతంలో బీచికి వెళ్ళి వచ్చిన రోజే చక్రాల లోపలి వైపు కూడా మంచినీళ్ళతో కడగాలి. ఆమ్లం ఉన్న చక్రాల క్లీనర్లు గీతలున్న పూతకు హాని చేస్తాయి. గీత పడితే పూర్తి మరమ్మతు దాకా ఆగకుండా, కడిగి, ఆరబెట్టి, దాని మీద తాత్కాలికంగా క్లియర్ లక్కర్ గానీ, మైనం గానీ పూయాలి.

ప్రాముఖ్యం

అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి చాలా విద్యుత్తు కావాలి. పాత లోహాన్ని కరిగించడానికి అందులో సుమారు 5% శక్తి చాలు. వాడుకలో ఉన్న చక్రాన్ని కాపాడుకుంటే కరిగించే ఖర్చు కూడా ఉండదు. అందువల్ల పైపూత మరమ్మతుకు ఆర్థికంగా, పర్యావరణపరంగా విలువ ఉంది. ఆ విలువకు షరతు భద్రత. రంగు వేస్తే గీతా, పగులూ రెండూ కనిపించవు, కానీ కారు బరువు కింద పగులు పెరుగుతూనే ఉంటుంది. తీరంలో ఉప్పును పూర్తిగా కడగడం, పూతకు ముందే పగులు పరీక్ష చేయడం, చేసిన పని పైపూతదో నిర్మాణానిదో యజమానికి స్పష్టంగా రాసివ్వడం మంచి మరమ్మతు దుకాణానికి ఉండవలసిన మూడు లక్షణాలు.

ఇవి కూడా చూడండి: అల్యూమినియం, ఉష్ణ సంస్కారం, తంతు తుప్పు, టైరు, చక్రాల బ్యాలెన్సింగు, పౌడర్ కోటింగు, నెల్లూరు జిల్లా.